మూడో బేసు మనిషి

మార్చి నెల మొదటి సోమవారం పొద్దున, మిల్లు తొలికూత ఆగీ ఆగకముందే, మా ఆయన హాయిట్ కాఫీ కప్పు కోసం చెయ్యి చాచాడు. కప్పుకి రెండంగుళాల ఇవతలే వేళ్ళు గాలిని పట్టుకున్నాయి. నేను పొయ్యి దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. అతను వేళ్ళు విప్పి, బల్ల మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోయి కప్పు అందుకున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏమవుతుంది? నిద్రమత్తు."

నిద్రమత్తు కాదని నాకు తెలుసు. పోయిన ఆగస్టులో పక్క ఊరి మిల్లు జట్టుతో బేస్‌బాల్ ఆడుతున్నప్పుడు వాళ్ళ పిచ్చర్ విసిరిన బంతి హాయిట్ ఎడమ కనుబొమ్మ మీద తగిలింది. తొమ్మిది రోజులు తలుపులూ కిటికీలూ మూసి పడుకోబెట్టాం. పదోరోజు లేచి పనికి వెళ్ళాడు. ఊరంతా "గట్టి తలకాయరా" అని నవ్వుకున్నారు. తర్వాత చలికాలం వచ్చింది, ఆటలు ఆగిపోయాయి, ఎవరూ ఏమీ గమనించలేదు. నేను మాత్రం ఒక్కొక్కటీ చూస్తూ వచ్చాను. కట్టెలు కొడుతుంటే గొడ్డలి కట్టెకి పక్కన దిగేది. మెట్టు ఉందనుకుని లేనిచోట కాలు వేసేవాడు. దేనికదే చిన్న విషయమని సర్దిచెప్పుకున్నాను. ఆ పొద్దున కప్పు దగ్గర అవన్నీ ఒక్కసారి కలిసి నా మీద పడ్డాయి.

ఆ సాయంత్రం కట్టెల మోపు దగ్గర నిలదీస్తే చెప్పాడు. ఎడమ కంట్లో నడిమధ్య మసక. అంచుల్లో కాస్త కనిపిస్తుంది. వేగంగా కదిలేదాన్ని కుడికన్ను కూడా పట్టలేకపోతోంది. ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు.

"డాక్టరు దగ్గరికి పోదాం పద."

"మధ్యాహ్నం డాక్టరు చూస్తే సాయంత్రానికి మేనేజర్ ఫర్మన్ బెల్యూ చెవిలో పడుతుంది. ఎవరికీ చెప్పొద్దు. మా అమ్మకి కూడా. మాటివ్వు."

"హాయిట్, నువ్వు నిలబడేది మూడో బేసు దగ్గర."

అంతకంటే చెప్పనక్కర్లేదు. కొట్టినవాడు పరిగెత్తి చుట్టిరావాల్సిన నాలుగు గుర్తుల్లో మూడోదాని దగ్గర కాపలా అతనిది. బ్యాటుకి గట్టిగా తగిలిన బంతి మూడో బేసు వైపు వచ్చినంత దగ్గరగా, వేగంగా మైదానంలో ఇంకెక్కడికీ రాదు. కళ్ళు రెండూ బాగున్నవాడికే అది కనురెప్పపాటు వ్యవహారం.

"నన్ను మళ్ళీ ఆ హాల్లోకి పంపకు వెస్టా," అన్నాడు, పంపడం నా చేతిలో ఉన్నట్టు.

ఆ హాలంటే దూది ఏకే కార్డింగ్ హాలు. లారెల్ షోల్స్ మిల్లులో జట్టు మొదటి తొమ్మిదిమందికీ బట్టల గదిలో పని ఇచ్చేవాళ్ళు. కిటికీలుండేవి, గాలి వచ్చేది, నేసిన బట్ట మడతపెట్టి కట్టలు కట్టడమే పని. జట్టులో చోటు పోయినవాడు ఆ వారమే కార్డింగ్ హాలుకి. అక్కడ మనిషికి మనిషి కనిపించనంత దూది నలుసు ఎగురుతూ ఉంటుంది. హాయిట్ వాళ్ళ నాన్న ఇరవైరెండేళ్ళు అందులో పనిచేసి, నలభై ఆరో ఏట, కూర్చుని దగ్గలేక నిలబడి దగ్గుతూ పోయాడు. హాయిట్ కూడా జట్టులోకి రాకముందు నాలుగేళ్ళు అందులో ఉన్నాడు.

మాటిచ్చాను.

*

ఏప్రిల్ మూడో వారంలో తొమ్మిది పేర్ల జాబితా మిల్లు గేటుకి అంటిస్తారు. ఆ ముందు నెలన్నర ఆ తొమ్మిది పేర్లూ మా వరండాలోనే నలిగేవి. దానికి కారణం మా అత్తగారు ఓర్లీనా. ఆవిడకి అరవై రెండేళ్ళు. పదిహేడేళ్ళుగా మా జట్టు ఆడిన ప్రతి ఆటా, ఏ బంతి ఎవరికి వెళ్ళింది, ఎవరు పట్టారు, ఎవరు జారవిడిచారు, అంతా నోటుపుస్తకాల్లో రాసి పెట్టింది. దవడన పొగాకు పొడి పెట్టుకుని ఊగుడు కుర్చీలో కూర్చుందంటే మగవాళ్ళు టోపీలు తీసి మెట్ల మీద చేరేవాళ్ళు.

అందరికంటే ముందు చేరేవాడు ఎదురింటి మంగలి రోస్కో. ఆవిడ చేత తిట్లు తినకపోతే అతనికి అన్నం సహించేది కాదు.

"మొదటి బేసుకి పోయినేటి పొడుగాయన్నే ఉంచాలి ఓర్లీనమ్మా," అన్నాడు ఒక సాయంత్రం.

"వాడా? వాడు వంగేలోపు బంతి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి పోతుంది. పొడుగుంటే చాలదయ్యా, నడుముండాలి."

"సరే, క్యాచర్?"

"ఉన్నవాడే ఉండనీ. బ్యాటు వెనక నిలబడి దెబ్బలు తిని మొహం ఎలాగూ పాడైపోయింది, ఇంకోడిది పాడుచెయ్యడం ఎందుకు?"

అందరూ నవ్వారు. హాయిట్ కూడా స్తంభానికి ఆనుకుని నవ్వాడు. నేను గుమ్మంలో నిలబడి, తర్వాత రాబోయే ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను.

"మరి మూడో బేసు?"

"మూడో బేసులో మనిషున్నాడుగా. ఐదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. నీకు కనిపించడం లేదా?"

"ఉన్నాడు, కాదన్నానా? మా ఇంట్లో దిగిన ఆ టీగ్‌ని చూశావా మరి? చేతులా అవి, చేటలు!"

"చేటలైతే మొక్కజొన్నలు చెరుక్కోమను. బేస్‌బాల్ ఎందుకు?"

ఓడెల్ టీగ్ ఫిబ్రవరిలో కొండల వైపు నుంచి వచ్చాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. మాట తక్కువ, నడక తిన్నన. జట్టులో చోటు సంపాదిస్తేనే పని ఇస్తామని మిల్లువాళ్ళు పిలిపించారు. భార్య లూలాకి అప్పటికి ఐదో నెల. ఇద్దరూ రోస్కో ఇంటి వెనకగదిలో ఉండేవాళ్ళు. లూలా మా పంపు దగ్గరికి నీళ్ళకి వచ్చినప్పుడల్లా కడవ నేను ఎత్తిపెట్టేదాన్ని. "మీ ఆయన ఆట చాలా బాగుంటుందటగా అక్కా," అంది ఒకసారి. ఆ గొంతులో పొగడ్త కంటే భయమే ఎక్కువ వినిపించింది. ఆ భయం నాకు తెలిసిందే.

*

"నువ్వు విసురు," అన్నాడు హాయిట్.

బట్టలుతికే కొట్టం వెనక, ఎవరికీ కనపడని చోటు. పొద్దు వాలుతోంది. నా చేతిలో బంతి పెట్టి ఇరవై అడుగుల అవతల నిలబడ్డాడు. ముఖం ఎడమవైపు తిప్పి, కుడికన్ను నాకేసి పెట్టుకున్నాడు. అలా చూడటం అలవాటైతే ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

నేను నలుగురు అన్నదమ్ముల మధ్య పెరిగినదాన్ని, విసరడం వచ్చు. మెల్లగా విసిరాను. పట్టాడు. మళ్ళీ విసిరాను. పట్టాడు.

"గట్టిగా."

"ఇంతకంటే నా వల్ల కాదు."

"పన్నెండు మగ్గాలు చూసుకునే చేతులవి. నీ వల్ల అవుతుంది. గట్టిగా!"

గట్టిగా విసిరాను. బంతి గ్లవ్ అంచు రాసుకుని మెడ కింద ఎముక మీద తగిలింది. అతను వంగిపోయాడు. నేను పరిగెత్తబోతే చెయ్యెత్తి ఆపాడు.

"అక్కడే ఉండు. మళ్ళీ."

"నేను విసరను హాయిట్."

"నువ్వు విసరకపోతే ఇంకెవరు విసురుతారే? నాకింకెవరున్నారు?"

అలా నెల రోజులు, వాన లేని ప్రతి సాయంత్రం. పదికి ఏడు పట్టేవాడు. మిగతా మూడూ ఒంటి మీద. చొక్కా విప్పితే భుజాల మీద, పక్కటెముకల మీద నీలం మచ్చలు, పసుపుగా మారుతున్న పాత మచ్చలు. అన్నీ నేను చేసినవే. బంతి నా వేళ్ళు వదిలిన మరుక్షణం కళ్ళు మూసుకోవడం నాకు అలవాటైంది. వినిపించిన చప్పుడు గ్లవ్‌దా, ఒంటిదా అన్నదాన్ని బట్టి తెలుసుకునేదాన్ని. మిల్లులో మగ్గాల హోరులో కూడా ఆ రెండో చప్పుడు వినిపించేది. నా మగ్గాల మీద దారాలు తెగుతుంటే చూసుకోకుండా నిలబడిపోయేదాన్ని. రెండుసార్లు మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు.

*

జాబితాకి ముందు శనివారం పరీక్ష ఆట. మా మొదటి జట్టుకీ రెండో జట్టుకీ మధ్య. మూడో బేసు దగ్గర మొదటి మూడు ఇన్నింగ్స్ హాయిట్, తర్వాతి మూడూ టీగ్ అని మేనేజర్ బెల్యూ చెప్పాడు. ఊరంతా వచ్చింది. నేను అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు.

మొదటి ఇన్నింగ్స్‌లో రెండు బంతులు దొర్లుకుంటూ వచ్చాయి. హాయిట్ రెండూ పట్టి మొదటి బేసుకి విసిరాడు. నేను ఊపిరి తీసుకున్నాను. రెండో ఇన్నింగ్స్‌లో రెండో జట్టులోకెల్లా బలంగా కొట్టేవాడు వచ్చాడు. బ్యాటు ఊపాడు. తుపాకీ పేలినట్టు చప్పుడు. బంతి మనిషి ఎత్తున, ఎక్కడా వంగకుండా, హాయిట్ ఎడమ చెవి పక్కనుంచి దూసుకుపోయింది. టోపీ అంచు గాలికి కదలడం నేను చూశాను.

హాయిట్ కదల్లేదు. చెయ్యి ఎత్తలేదు, తల తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు. అలాగే వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకి చూస్తూ నిలబడ్డాడు.

మైదానమంతా ఒక్కసారి లేచింది.

"చూశావా! రెప్ప వేశాడేమో చూడు!"

"మనిషి కాదురా, బండరాయి!"

రోస్కో అయితే టోపీ తీసి గాలిలోకి విసిరాడు. ఎందుకు చప్పట్లు కొడుతున్నారో హాయిట్‌కి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. ఆ నవ్వు చూస్తూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నాలుగంగుళాలు. నాలుగంగుళాలు ఇటు వచ్చి ఉంటే ఈపాటికి మైదానంలోకి పరిగెత్తుతూ ఉండేదాన్ని. నా పక్కన అత్తగారు పెన్సిలు చేత్తో పట్టుకుని పుస్తకంలో ఏమీ రాయకుండా కూర్చుంది. కొడుకుని చూసి మురిసిపోతోందనుకున్నాను.

తర్వాత టీగ్ వచ్చాడు. ఒక బంతి జారవిడిచాడు, రెండు పట్టాడు, బ్యాటుతో ఒకటి కంచె దాకా కొట్టాడు. అయినా జనం ఇళ్ళకి పోతూ మాట్లాడుకున్నది హాయిట్ గుండె గురించే.

*

ఆదివారం చర్చి అయ్యాక ఫర్మన్ బెల్యూ వచ్చాడు. ఏటా జాబితా రాసే ముందు అత్తగారి దగ్గరికి రావడం అతనికి ఆనవాయితీ. కార్డింగ్ హాలుకి మేస్త్రీ, జట్టుకి మేనేజర్. మెడ పొట్టి, నెమ్మదైన మనిషి. చిన్నప్పుడు మిల్లులో కండెలు మార్చే పనికి వచ్చినప్పుడు అతని ముక్కు తుడిచింది తనేనని అత్తగారు అందరి ముందూ చెప్పేది.

"ఆదివారం ఆడితే పాపం. ఆట గురించి మాట్లాడుకుంటే పాపం లేదు, కూర్చో," అంది ఆవిడ. నేను కాఫీ, రొట్టె, పాకం తెచ్చి పెట్టి, పళ్ళెంలో చిక్కుడు గింజలు పోసుకుని ఏరుతూ గుమ్మం పక్కన కూర్చున్నాను. హాయిట్ పైమెట్టు మీద కూర్చుని బూట్లకంటిన ఎర్రమట్టి పుల్లతో గీకుతున్నాడు.

పిచ్చర్ నుంచి మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ పది నిమిషాలు. "రెండో, మూడో బేసుల మధ్య షార్ట్‌స్టాప్‌కి ఆ నల్లకోటువాడి తమ్ముడు," అంటాడు బెల్యూ. "వాడి చెయ్యి ఎక్కడికి విసురుతుందో వాడికే తెలియదు, పోయిన మే నెలలో నాలుగు అట్లా పోగొట్టాడు, తేదీలు చెప్పమంటావా?" అంటుంది ఆవిడ. అతను చివరికి "నీ మాటే కానీలే" అని కాగితం మీద రాసుకుంటాడు. ఎనిమిది పేర్లయ్యాయి. నా పళ్ళెంలో ఏరిన గింజలూ ఏరనివీ ఎప్పుడో కలిసిపోయాయి.

"ఇక మూడో బేసు," అన్నాడు బెల్యూ. "నిజం చెప్తున్నా ఓర్లీనమ్మా, మొన్నటిదాకా నా మనసు టీగ్ మీదుంది. బాగా కొడతాడు. కానీ నిన్న ఆ బంతికి హాయిట్ రెప్ప వెయ్యలేదు. అట్లాంటి గుండెవాణ్ణి పక్కన కూర్చోబెట్టి నేనీ ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలనా?"

పెన్సిలు నాలుకకి అద్దుకున్నాడు. కాగితం మోకాలి మీద సర్దుకున్నాడు.

హాయిట్ మట్టి గీకడం ఆపాడు. అతని మెడ వెనక నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. నాలుగు నెలలు, వారానికొక ఆట. ప్రతి శనివారం ఆ చెవి పక్కన నాలుగంగుళాలు. రాయనివ్వు అనుకున్నాను. మాటిచ్చావు, రాయనివ్వు.

"బెల్యూ గారూ," అన్నాను. మాట బయటికి వచ్చేదాకా వస్తోందని నాకే తెలియలేదు. "అది గుండె కాదండీ. ఆ బంతి అతనికి కనిపించలేదు."

పెన్సిలు ఆగింది.

హాయిట్ నవ్వాడు. చాలా బాగా నవ్వాడు. "ఆడవాళ్ళ భయం ఫర్మన్. ఆ దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ దీనికి రోజూ పీడకలలే. నువ్వు రాసుకో." తర్వాత నావైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. అది నామీద కాకుండా నాకు కొంచెం పక్కన నిలిచింది.

బెల్యూ ఎటూ చూడకుండా అడిగాడు, "ఓర్లీనమ్మా?"

ఆవిడ కుర్చీ ఊగడం ఆగిపోయింది.

"టీగ్ పేరు రాసుకో."

"అమ్మా!"

"రాసుకోమంటున్నానా."

అతను రాసుకున్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "టీగ్ బాగా కొడుతున్నాడని తీసుకున్నాను. ఎవరడిగినా అదే చెప్తాను. ఇంకేమీ నేను వినలేదు," అన్నాడు. చల్లారిపోయిన కాఫీ మర్యాద కోసం అడుగు దాకా తాగి లేచాడు. హాయిట్ అప్పటికే మెట్లు దిగి నది వైపు వెళ్ళిపోయాడు.

వంటింట్లో అత్తగారు నా వెనక వచ్చి నిలబడింది.

"నిన్న బంతి పోయాక అందరి తలలూ అటు తిరిగాయి. వాడి తల తిరగలేదు," అంది. "పోయిందని వాడికి తెలిస్తే కదా." నా చేతిలో పళ్ళెం అందుకుని, "నువ్వు నోరు తెరవకపోతే నేను తెరిచేదాన్నో లేదో నాకు తెలియదే అమ్మాయి. ఆ హాల్లోంచి ఒక మనిషిని ఇంటికి మోసుకొచ్చిన దాన్ని," అంది.

*

తర్వాతి సోమవారం హాయిట్ కార్డింగ్ హాలుకి వెళ్ళాడు. ఎవరు ఎక్కడ పనిచెయ్యాలన్నది బెల్యూ చేతిలో లేదు. సాయంత్రం కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, కళ్ళ మూలలు అన్నీ తెల్లగా ఇంటికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు ముసలివాడిలా ఉన్నాడు.

నాతో మాట్లాడటం మానేశాడు. "రొట్టె ఉందా," "తలుపు వెయ్యి," అంతే. అది కూడా గోడతో అన్నట్టు. వాళ్ళమ్మతో అయితే అదీ లేదు. సాయంత్రాలు కొట్టం గోడకి బంతి కొట్టి పట్టుకునేవాడు, ఒక్కడే. లోపల నేను ఆ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. టీగ్ కాలు మడతపడినా చెయ్యి బెణికినా మళ్ళీ తనే కదా అని రోస్కోతో అన్నాడట. రోస్కో వచ్చి ఆ మాట నాకు సంతోషంగా చెప్పాడు.

మే చివర్లో మొదటి దగ్గు విన్నాను. పొడి దగ్గు, గొంతు సవరించుకున్నట్టు. రెండోరోజు రెండు. మగ్గం దగ్గర నిలబడి నాలో నేను అనుకున్నాను: బంతి నుంచి తప్పించి దీనికి అప్పజెప్పావు. ఏది గొప్ప పని చేశావని? ఇప్పుడు భయం రెండు వైపుల నుంచీ వచ్చేది. దగ్గు పెరుగుతుందని ఒకటి. దగ్గు భరించలేక మళ్ళీ ఆటకి పోతాడని ఇంకోటి.

జూన్ రెండో వారంలో లూలాకి కొడుకు పుట్టాడు.

*

జూలై నాలుగు, దేశ స్వాతంత్ర్య దినం సెలవు. చుట్టుపక్కల ఆరు మిల్లుల జనమంతా మా మైదానానికి వచ్చారు. ఉడికించిన వేరుశనక్కాయల వాసన, ఎండ, బ్యాండు. ఆ ఏడాది హాయిట్ ఆట చూడటానికి రావడం అదే మొదలు. కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు లేక నా పక్కనే కూర్చున్నాడు. రెండు వరసల కింద లూలా, ఒళ్ళో మూడు వారాల పిల్లవాడు.

ఆరో ఇన్నింగ్స్. బంతి నేల మీద దొర్లుతూ మూడో బేసు వైపు వచ్చింది. తేలికైన బంతే. టీగ్ వంగాడు. ఆఖరి అడుగులో అది ఏ గులకరాయికి తగిలిందో, పాము పడగెత్తినట్టు లేచి అతని నోటి మీద కొట్టింది.

ఆ చప్పుడు గ్లవ్‌ది కాదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా మణికట్టు ఎవరో గట్టిగా పట్టుకున్నారు. హాయిట్.

"ఎవరికి?" అన్నాడు.

నేను అతని ముఖం చూశాను. కళ్ళు చికిలించి మైదానం అంతా వెతుకుతున్నాడు.

"ఎవరికి తగిలింది వెస్టా?"

"టీగ్‌కి. నోటి మీద."

"లేచాడా?"

"లేదు."

"లేచాడా?"

"లేవలేదు హాయిట్. చుట్టూ చేరారు... మోకాళ్ళ మీదికి వచ్చాడు."

కింద లూలా పిల్లవాణ్ణి గుండెకి అదుముకుని నిలబడి ఉంది. వెళ్ళాలని ఉంది, కాళ్ళు కదలడం లేదు. నేను చెయ్యి విడిపించుకుని దిగి వెళ్ళి పిల్లవాణ్ణి అందుకున్నాను. "నువ్వు వెళ్ళు, వీణ్ణి నేను చూసుకుంటాను," అన్నాను. ఆమె కంచె దాటి పరిగెత్తింది. పిల్లవాడు వెచ్చగా నిద్రపోతున్నాడు. వీళ్ళ నాన్నని అక్కడ నిలబెట్టింది నేనే. లూలాకి ఆ సంగతి తెలియదు. అది నేను ఎప్పటికీ చెప్పలేదు.

*

నాలుగు పళ్ళు పోయాయి, దవడ ఎముక చిట్లింది. నెలన్నర ఆడకూడదన్నారు. ఆ సాయంత్రమే బెల్యూ మా వరండాకి వచ్చాడు. వచ్చే శనివారం పెద్ద ఆట ఉంది. మెట్ల మీద రోస్కో, ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఈసారి అతను అత్తగారి వైపు చూడలేదు.

"ఇంకెవరున్నారు? హాయిట్ ఉన్నాడుగా!" అన్నాడు రోస్కో. "ఐదేళ్ళు ఆడినవాడు. బండరాయి!"

"అవును మరి," అన్నారు జనం.

బెల్యూ టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. "హాయిట్, నువ్వు ఊఁ అంటే రేపు పైవాళ్ళతో మాట్లాడతాను. ఎల్లుండి నుంచి మళ్ళీ బట్టల గదిలో ఉంటావు," అన్నాడు. ఏప్రిల్‌లో విననిది ఇప్పుడు కూడా విననట్టే ఉన్నాడు. అతని కష్టం అతనిది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్తే అతను ఈ ఇంట్లో ఉండడని తెలుసు. చెప్పకపోతే శనివారం ఏమవుతుందో కూడా తెలుసు. అత్తగారి కుర్చీ ఊగడం లేదు.

హాయిట్‌కి దగ్గు వచ్చింది. దగ్గి, చేతి వెనకవైపుతో మూతి తుడుచుకున్నాడు. గాలి వచ్చే ఆ బట్టల గది కిటికీలు అతనికి కనిపిస్తున్నాయని నాకు తెలుసు.

"నాకు ఎడమ కన్ను కనిపించదు ఫర్మన్," అన్నాడు. "పోయిన ఆగస్టు నుంచీ."

రోస్కో మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు బంతి?" అన్నాడు ఎవరో వెనకనుంచి.

"ఏ బంతో నాకు తెలియదు. మీరు చప్పట్లు కొడితే ఏదో జరిగిందనుకున్నా." బెల్యూ వైపు తిరిగి, "టీగ్‌కి పని పోకుండా చూడు," అన్నాడు.

"చూస్తాను," అన్నాడు బెల్యూ.

"రెండో జట్టులో ఎర్రజుట్టు వేడ్ ఉన్నాడు. అడుగు కాస్త నిదానం. కళ్ళు మంచివి."

"వాడా?" అంది అత్తగారు. దాదాపు మూడు నెలల్లో తల్లీకొడుకుల మధ్య మాట అదే మొదలు. "కళ్ళుంటే చాలా? చేతులో? పోయిన జూన్‌లో ఒక్క ఆటలో మూడు జారవిడిచాడు, పుస్తకం తెమ్మంటావా?"

"చేతులు నేర్పొచ్చమ్మా."

"ఎవడు నేర్పుతాడు?"

"నేను."

ఆవిడ పొగాకు పొడి ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకుంది. "అయితే షార్ట్‌స్టాప్‌ని ఓ రెండడుగులు అటు జరపాలి," అంది. హాయిట్ కాదన్నాడు. బెల్యూ కాగితం తీశాడు. నేను లోపలికి వెళ్ళి పిండి డబ్బా మీద కూర్చుని, వాళ్ళ వాదన అయ్యేదాకా లేవలేదు.

హాయిట్ ఆ హాల్లో మరో పధ్నాలుగు నెలలు పనిచేశాడు. తర్వాత బెల్యూ ఎవరెవరినో పట్టుకుని దూది బేళ్ళు తూచే గోడౌనుకి మార్పించాడు. దగ్గు పూర్తిగా పోలేదు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఆ జూలై వారంలోనే ఒక రాత్రి భోజనం దగ్గర "ఇవాళ వేడ్ పదికి ఎనిమిది పట్టాడు," అని గోడతో కాకుండా నాతో అన్నాడు.

ఆ శనివారం మైదానానికి వెళ్ళాను. మూడో బేసు దగ్గర ఎర్రజుట్టు వేడ్ వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వేడ్ వాళ్ళమ్మ నాకు మూడు వరసల ముందు ఒంటరిగా కూర్చుంది. నేత గదిలో నా పక్క వరసలో పనిచేసే మనిషి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. బ్యాటు చప్పుడైనప్పుడల్లా ఆమె భుజాలు బిగుసుకుని, బంతి ఎటు పోయిందో తెలిశాక మెల్లగా కిందికి దిగుతున్నాయి. రెండు ఇన్నింగ్స్ చూశాను. మూడోది మొదలయ్యేలోపు లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.